చిన్న వైద్యశాలలలో చికిత్స నాణ్యత: సరిహద్దు కుటుంబాలు తెలిసికోదగిన విషయాలు

హోసూరు నుండి రాయకోటకు పోయే దారిలో ఉన్న ఊరు ఉద్దనపల్లి. ఈ ఊరికీ, దీని చుట్టుప్రక్కల పల్లెలకూ మూడు రాష్ట్రాల వైద్యం అందుబాటులో ఉన్నట్లే. జ్వరమో దగ్గో వస్తే దగ్గరలోని చిన్న వైద్యశాలకు పోతారు. తగ్గకపోతే హోసూరుకు, జబ్బు పెద్దదైతే కృష్ణగిరికో బెంగుళూరుకో, బంధువులున్నవారు కుప్పానికో పోతారు. ఒకే మనిషి ఒకే సంవత్సరంలో ఈ చోట్లన్నింటికీ పోయి రావడం అరుదేమీ కాదు. పోయిన ప్రతి చోటా ఒక చీటీ ఇస్తారు. ఆ చీటీలన్నీ ఒక ప్లాస్టిక్ సంచిలో చేరి గోడ మేకుకు వ్రేలాడుతూ ఉంటాయి. ఆ సంచిని మొదటి నుండి చివరి వరకు చదివి చూచే మనిషి మాత్రం ఏ చోటా దొరకడు.

చిన్న వైద్యశాల అనగా ఒక వైద్యుడు, ఒకరిద్దరు సహాయకులు, ఒక బల్ల, ప్రక్కనే ఒక మందుల అంగడి. పడకలు ఉండకపోవచ్చు, ఉన్నా రెండో మూడో. ఇటువంటి చోట చికిత్స మంచిదో కాదో జనం గోడల రంగును బట్టి, యంత్రాలను బట్టి, వేసిన సూది ఎంత త్వరగా పనిచేసిందన్న దానిని బట్టి నిర్ణయిస్తారు. నిజానికి నాణ్యత ఉండేది రోగి చెప్పినదానిని సరిగా వినడంలో, విన్నదానిని వ్రాసిపెట్టడంలో. వ్రాతలో లేని చికిత్స తరువాతి వైద్యునికి అందదు. మూడు రాష్ట్రాల నడుమ తిరిగే రోగికి ఈ లోపం ప్రాణాల మీదికే రావచ్చు.

సిట్టిలింగి చూపిన దారి

కృష్ణగిరి జిల్లా 2004 ఫిబ్రవరి 9న ధర్మపురి జిల్లా నుండి వేరుపడినది. ఆ ధర్మపురి జిల్లాలోనే అరూరు వైపు కొండల నడుమ సిట్టిలింగి లోయ ఉన్నది. 1993లో డాక్టర్ రెజీ జార్జి, డాక్టర్ లలితా రెజీ అనే వైద్య దంపతులు అక్కడికి వచ్చి ఒక గుడిసెలో చికిత్స మొదలుపెట్టారు. వారు స్థాపించిన సంస్థ పేరు ట్రైబల్ హెల్త్ ఇనిషియేటివ్. వారు వచ్చేనాటికి ఆ లోయలో పుట్టిన ప్రతి వేయిమంది శిశువులలో సుమారు 147 మంది సంవత్సరం నిండకముందే చనిపోయేవారు. తరువాతి కాలంలో ఆ సంఖ్య 20 దరిదాపులకు దిగివచ్చింది.

ఇది పెద్ద యంత్రాల వలన జరిగినది కాదు. ఆ దంపతులు స్థానికులైన గిరిజన యువతులనే ఎంచుకొని ఆరోగ్య కార్యకర్తలుగా తీర్చిదిద్దారు. పల్లె స్త్రీలకు కూడా శిక్షణ ఇచ్చారు. వారు ఇంటింటికీ పోయి బిడ్డలను తూచేవారు, గర్భిణులను చూచేవారు, ప్రమాద లక్షణాలు కనబడితే వైద్యుని వద్దకు పంపేవారు. ఆ గుడిసె ఇప్పుడు శస్త్రచికిత్సలు కూడా జరిగే ఆసుపత్రి అయినది. రోగి మాట్లాడే మాటనే మాట్లాడుతూ, ఒకసారి చూచిన రోగిని మరల వెదకుకొంటూ పోయే మనుషులు అక్కడ మొదటి నుండీ ఉన్నారు. ఉద్దనపల్లి ప్రాంతపు వైద్యశాలలు గమనించవలసినది దీనినే.

మాట ఒకటే, అర్థం వేరు

ఇక్కడి మొదటి చిక్కు భాష. వైద్యుడు తమిళంలో అడుగుతాడు, సహాయకురాలు కన్నడంలో అందుకొంటుంది, రోగి తెలుగులో చెపుతుంది. పైకి అందరికీ అందరి మాటా అర్థమైనట్లే ఉంటుంది. పనులు, బేరాలు, పెళ్ళి మాటలు ఈ కలగలుపు భాషలోనే సాఫీగా సాగిపోతాయి. జబ్బు విషయంలో మాత్రం అది మోసం చేస్తుంది.

‘ఆయాసం’ అనే మాటనే తీసుకొందాము. తెలుగులో ఆయాసమంటే ఊపిరి అందకపోవడం, రొప్పడం. తమిళంలో, కన్నడంలో అదే మాటకు అలసట అని అర్థం. ఒక ముసలమ్మ ‘రాత్రిపూట ఆయాసంగా ఉంది’ అని చెపితే, వినే వైద్యుడు ఒళ్ళు అలసినదనుకొని బలానికి మాత్రలు వ్రాసి పంపవచ్చు. ఆమెకున్నది గుండె బలహీనత వలన ఊపిరితిత్తులలో నీరు చేరడం కావచ్చు, ఉబ్బసం కావచ్చు. మాట అర్థం కాకపోతే వైద్యుడు మరల అడుగుతాడు. ఇక్కడ అర్థమైనదనే అనుకొంటాడు కనుక అడగడు. ప్రమాదమంతా అందులోనే ఉన్నది.

ఇటువంటి మాటలు ఇంకా ఉన్నాయి. తెలుగులో మూర్ఛ అంటే స్పృహ తప్పడమూ అవుతుంది, ఫిట్స్ కూడా అవుతుంది. తమిళులు ఫిట్స్‌ను ‘వలిప్పు’ అంటారు, నొప్పిని ‘వలి’ అంటారు. ఈ రెంటినీ తడబడి వాడే తెలుగువారు చాలామంది. ‘నీర్కడుప్పు’ అంటే మూత్రం పోసేటప్పుడు మంట. అది విని కడుపులో నీరు చేరినదని భయపడినవారూ ఉంటారు. ‘మయక్కం’ అంటే కళ్ళు తిరగడమా, స్పృహ పోవడమా అన్నది తమిళులే సందర్భాన్ని బట్టి తెలుసుకొంటారు. ఇక ‘గ్యాస్’ అనే మాట మూడు భాషలకూ చుట్టమే. ఛాతీలో వచ్చే ప్రతి బాధకూ ఆ పేరు పెట్టడం వలన గుండెపోటు కూడా గ్యాస్ మాత్రతో గడిచిపోయే ప్రమాదమున్నది.

దీనికి ఖర్చులేని ఉపాయాలు ఉన్నాయి. జబ్బు మాటలు ముప్పయ్యో నలభయ్యో మూడు భాషలలోనూ వ్రాసిన అట్ట ఒకటి వైద్యుని బల్ల మీద ఉంటే చాలును. పై తరగతులు చదివే పిల్లలు ఒక ఆదివారంలో దానిని తయారుచేయగలరు. రోగి కూడా జబ్బు పేరు చెప్పడం కంటె జరిగినది చెప్పడం మేలు. ‘ఆయాసం’ అనేదానికి బదులు ‘పది అడుగులు వేస్తే ఊపిరి ఆడటం లేదు, పడుకొంటే ఎక్కువవుతుంది, లేచి కూర్చుంటే తగ్గుతుంది’ అంటే ఏ భాష వైద్యునికైనా జబ్బు తెలిసిపోతుంది. తల్లికి తోడుగా వచ్చిన బడి పిల్లవానితో మాట మార్పించడం మాత్రం మానవలెను. స్త్రీల బాధలను కొడుకు నోట చెప్పించలేక సగం దాచిపెట్టే తల్లులు ఎందరో.

వైద్యుల వైపు నుండి చూస్తే తొందర అనే ఇబ్బంది ఉన్నది. మధ్యప్రదేశ్ గ్రామాలలో జరిపి 2012లో ప్రకటించిన ఒక పరిశోధనలో, వైద్యుడు ఒక్కొక్క రోగికి ఇచ్చిన సమయం సగటున 4 నిమిషాల లోపే ఉన్నట్లు తేలింది. సాయంత్రం వేళ అరుగు నిండా జనం కూర్చొని ఉంటే ఇక్కడి వైద్యుడు మాత్రం ఎంతసేపు వినగలడు? అందుకే రోగి లోపలికి పోకముందే సహాయకురాలు పేరు, వయస్సు, బాధ ఎన్నాళ్ళుగా ఉన్నది, వాడుతున్న మందులు, పడని మందులు వ్రాసి, రక్తపోటు, జ్వరం, బరువు చూచి పెడితే ఆ నాలుగు నిమిషాలూ జబ్బుకే దక్కుతాయి. రక్తపోటు చూచే ముందు రోగిని అయిదు నిమిషాలు కదలకుండా కూర్చోబెట్టాలి. బస్సు దిగి పరుగున వచ్చినవారికి వెంటనే పట్టీ చుట్టితే వచ్చే అంకె నమ్మదగినది కాదు.

చీటీ చదవడం

చీటీలో ‘1-0-1’ అని ఉంటే ఉదయం ఒకటి, మధ్యాహ్నం లేదు, రాత్రి ఒకటి అని అర్థం. ‘0-0-1’ అంటే రాత్రి మాత్రమే. కొందరు వైద్యులు అంకెలకు బదులు ఇంగ్లీషు పొడి అక్షరాలు వ్రాస్తారు. ఓడీ అంటే రోజుకొకసారి, బీడీ అంటే రెండుసార్లు, టీడీఎస్ అంటే మూడుసార్లు, హెచ్ఎస్ అంటే పడుకొనే ముందు, ఎస్ఓఎస్ అంటే బాధ ఉన్నప్పుడు మాత్రమే. (ఈ బీడీకి పొగతో సంబంధం లేదని వేరుగా చెప్పనక్కరలేదు.) ఏసీ అని ఉంటే తిండికి ముందు, పీసీ అని ఉంటే తిన్న తరువాత.

మందుల పేర్లలో పెద్ద ప్రమాదమొకటి దాగి ఉన్నది. ఒకే మందును వేర్వేరు కంపెనీలు వేర్వేరు పేర్లతో అమ్ముతాయి. ఉదాహరణకు హోసూరులో ఒక వైద్యుడు రక్తపోటుకు టెల్మిసార్టాన్‌ను ఒక పేరుతో వ్రాశాడనుకొందాము. బెంగుళూరులో మరొక వైద్యుడు దానినే వేరొక పేరుతో వ్రాశాడు. అట్టపెట్టె రంగు వేరు, మాత్ర ఆకారం వేరు. రోగి రెండూ మ్రింగుతాడు. రక్తపోటు పడిపోయి, తెల్లవారుజామున లేవబోయి క్రిందపడి తుంటి ఎముక విరిగితే దానిని ముసలితనం ఖాతాలో వేస్తారు. మాత్రల అట్టపై కంపెనీ పేరుతో పాటు అసలు మందు పేరు కూడా అచ్చువేసి ఉంటుంది. పాత అట్టనూ కొత్త అట్టనూ ప్రక్కప్రక్కన పెట్టి ఆ పేర్లు పోల్చి చూడడం పదవ తరగతి చదివిన పిల్లకు కూడా చేతనైన పని.

వైద్యులు మందుల అసలు పేర్లనే స్పష్టంగా, వీలైనంతవరకు పెద్ద అక్షరాలలో వ్రాయవలెనని భారత వైద్య మండలి 2002 నాటి వృత్తి నియమావళికి 2016లో చేసిన సవరణ చెపుతున్నది. వైద్యుని రిజిస్ట్రేషన్ సంఖ్య చీటీపైనా, రసీదుపైనా ఉండవలెను. వైద్యుడే స్వయంగా మందు ఇచ్చినచో ఆ సంగతి కూడా చీటీలో తెలియవలెను. కాగితంలో చుట్టి ఇచ్చే పేరులేని రంగు మాత్రలు ఈ నియమానికి విరుద్ధం. వాటిలో స్టిరాయిడ్ ఉన్నదో నొప్పి మాత్ర ఉన్నదో తరువాత చూచే వైద్యునికి తెలిసే దారి ఉండదు.

కీళ్ళవాతానికి ఇచ్చే మెథోట్రెక్సేట్ సంగతి వేరుగా చెప్పవలసి ఉన్నది. దానిని వారానికి ఒక్కసారి మాత్రమే వేసికొనాలి. పొరపాటున రోజూ వేసికొన్నవారు ప్రపంచంలో పలుచోట్ల మరణించారు. కాబట్టి చీటీలో వారం పేరే వ్రాయవలెను: ‘ఆదివారం మాత్రమే’ అని. వైద్యుడు చివరగా ‘ఈ మందులు ఎట్లా వేసికొంటావో నాకొకసారి చెప్పమ్మా’ అని అడిగి చెప్పించుకొంటే ఇటువంటి తప్పులు అక్కడికక్కడే బయటపడతాయి. ఇది బడిలో పాఠం అప్పగించుకొనే పద్ధతే. ‘అర్థమైనదా?’ అని అడిగితే మాత్రం ప్రతివారూ తల ఊపుతారు.

ప్రతి కుటుంబమూ నలభై పుటల నోటుపుస్తకం ఒకటి ఆరోగ్యానికే కేటాయించుకొంటే చీటీల సంచి కంటె ఎంతో మేలు. మనిషికి నాలుగు పుటలు చాలును: వాడుతున్న మందుల అసలు పేర్లు, పడని మందులు, జరిగిన ఆపరేషన్లు, చూపించుకొన్న ప్రతిసారీ తేదీ, రక్తపోటు, చక్కెర అంకెలు. 2021 సెప్టెంబరులో దేశమంతటికీ విస్తరించిన ఆయుష్మాన్ భారత్ డిజిటల్ పథకం క్రింద ఇచ్చే 14 అంకెల ఆభా సంఖ్య కూడా ఈ పనికే ఉద్దేశించినది. అయినా సెల్‌ఫోను ఛార్జి అయిపోయిన రాత్రి పనికివచ్చేది నోటుపుస్తకమే.

సూది, చేయి

సూది వేయకపోతే వైద్యమే జరగలేదనుకొనే అలవాటు ఇంకా పోలేదు. సూది వేయని వైద్యుని విడిచి వేసే వైద్యుని వద్దకు పోతారు కనుక, అక్కరలేదని తెలిసి కూడా వేసేవారున్నారు. తప్పు ఒక్క వైపే లేదు. మాత్రతో పోయే జ్వరానికి సూది, మంచినీళ్ళు త్రాగగల మనిషికి గ్లూకోజు సీసా ఖర్చును పెంచుతాయే గాని జబ్బును తగ్గించవు. 2000ల ఆరంభంలో దేశవ్యాప్తంగా జరిగిన ఒక అధ్యయనంలో, వేసిన సూదులలో నూటికి 60కి పైగా సురక్షితం కానివని తేలింది. 2009లో గుజరాత్‌లోని మొదాసాలో హెపటైటిస్-బి వ్యాపించి పలువురు మరణించారు. వాడిన సిరంజీలనే మరల వాడడం దానికి కారణమని గుర్తించారు.

సూది తప్పనిసరి అయినప్పుడు, ముద్ర విప్పని కొత్త సిరంజీని తమ కళ్ళ ముందే విప్పమని అడగడం అమర్యాద కాదు. సూది మార్చి సిరంజీని మార్చకపోవడం కూడా ప్రమాదమే. వాడిన సూదిని గుచ్చుకుపోని తెల్లని డబ్బాలో వేయవలెనని 2016 నాటి జీవవైద్య వ్యర్థాల నియమాలు చెపుతున్నాయి. రక్తం అంటిన దూది పసుపు సంచిలోకి, సూది తీసిన సిరంజీ ఎరుపు సంచిలోకి, గాజు సీసాలు నీలం డబ్బాలోకి పోవాలి. ఈ నియమాలు ఒక గది వైద్యశాలకు కూడా వర్తిస్తాయి. చెరువు గట్టునో పెంటకుప్పలోనో సూదులు కనబడుతున్నాయంటే ఆ దగ్గరలో ఏదో ఒక వైద్యశాల నియమం తప్పుతున్నట్లే. ఇక చేతులు కడుగుకొనడం గురించి వియన్నాలో ఇగ్నాజ్ సెమ్మెల్వైస్ 1847లోనే రుజువుచేసి చూపాడు. అయినా రోగికీ రోగికీ నడుమ సబ్బు తాకని చేతులు ఇప్పటికీ ఉన్నాయి.

ఎప్పుడు పంపివేయాలి

మంచి చిన్న వైద్యశాలకు గుర్తు, తన చేతిలో లేని జబ్బును ఆలస్యం చేయకుండా పంపివేయడం. మూతి వంకరపోయి ఒక చేయి పడిపోయినవారికి రక్తపుగడ్డను కరిగించే మందు లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటల లోపలే ఇవ్వగలరు. కనుక ‘ఎప్పుడు మొదలైనది’ అన్న గడియారపు సమయం చీటీలో అన్నిటికంటె పైన ఉండవలెను. పాము కాటుకూ ఇంతే. కోయడం, గట్టిగా కట్టడం, నోటితో పీల్చడం చేయకుండా, కాటుపడిన కాలో చేయో కదలనీయకుండా, విరుగుడు మందు ఉన్న ప్రభుత్వ ఆసుపత్రికి చేర్చాలి. గుండెపోటు అనుమానమున్నవారికి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనే ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్, అటోర్వాస్టాటిన్ మాత్రలు ఇచ్చి పంపే ‘ఇదయం కాప్పోం’ పథకాన్ని తమిళనాడు ప్రభుత్వం 2023లో ఆరంభించింది.

రోడ్డు ప్రమాదాలకు 2021 డిసెంబరులో మొదలైన ‘ఇన్నుయిర్ కాప్పోం’ పథకం ఉన్నది. తమిళనాడు ఎల్లలలో ప్రమాదం జరిగితే, గాయపడినది ఏ రాష్ట్రంవారైనా, పథకంలో చేరిన ఆసుపత్రులలో మొదటి 48 గంటల చికిత్సకు డబ్బు అడగరు. కుప్పం నుండి వచ్చిన బావగారికి ఉద్దనపల్లి దారిలో దెబ్బ తగిలినా ఇది వర్తిస్తుంది. 108 వాహనం 2005లో హైదరాబాదులో మొదలై 2008లో తమిళనాడుకు వచ్చినది. మూడు రాష్ట్రాలలోనూ అదే అంకె. ఎల్ల దగ్గరి ఊళ్ళలో ఫోను ప్రక్క రాష్ట్రపు టవరుకు తగులుకొంటే పిలుపు అటు పోవచ్చు కనుక, మాట్లాడేవారు ముందుగా రాష్ట్రం, జిల్లా చెప్పి తరువాత ఊరు చెప్పడం మంచిది.

పంపేటప్పుడు వట్టి నోటిమాట చాలదు. ఏమి చూచారు, ఏ మందు ఏ గంటకు ఇచ్చారు, ఎందుకు పంపుతున్నారు అన్న మూడు వాక్యాల ఉత్తరం వెంట ఉండాలి. అది లేకపోతే పెద్దాసుపత్రిలో అన్నీ మొదటి నుండి మొదలవుతాయి. ఇచ్చిన మందునే మరల ఇచ్చే ప్రమాదమూ ఉన్నది.

చట్టం, లెక్క

ప్రైవేటు వైద్యశాలల నమోదుకు తమిళనాడులో 1997 నాటి చట్టం, దానిని అమలుపరిచే 2018 నాటి నియమాలు ఉన్నాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2002 చట్టం, కర్ణాటకలో 2007 చట్టం ఇదే పనికి ఏర్పడినవి. నమోదు పత్రం గోడమీద కనబడాలి, వైద్యుడు తీసికొనే రుసుము బోర్డుపై ఉండాలి. తెలుగు పల్లెలలో ‘ఆర్ఎంపీ’ అంటే చదువుకోని వైద్యుడని అర్థం స్థిరపడినది గాని, ఆ అక్షరాలకు అసలు అర్థం నమోదైన వైద్యుడనే. నమోదు లేకుండా వైద్యం చేసినవారికి 2019 నాటి జాతీయ వైద్య కమిషన్ చట్టం ఒక సంవత్సరం వరకు జైలు, అయిదు లక్షల వరకు జరిమానా విధించవచ్చునంటున్నది.

శిక్షణ ఇస్తే ఇటువంటివారు మెరుగుపడరా అన్న ప్రశ్నకు పశ్చిమ బెంగాల్‌లో జవాబు వెదికారు. అక్కడి బీర్‌భూం జిల్లాలో లివర్ ఫౌండేషన్ అనే సంస్థ తొమ్మిది నెలల శిక్షణ ఇచ్చింది. 2016లో వెలువడిన ఫలితాల ప్రకారం శిక్షణ పొందినవారు జబ్బును చూచే తీరు మెరుగుపడింది గాని, అక్కరలేని మందులు ఇవ్వడం తగ్గలేదు. తెలివి పెరిగినంత మాత్రాన మందు అమ్మకంపై ఆధారపడిన జీవనం మారదు గదా!

నమోదైన వైద్యునికైనా తన పని ఎట్లా ఉన్నదో తెలియాలంటే లెక్క కావాలి. నెలకొకసారి ఇరవైమంది చక్కెర జబ్బు రోగుల పుటలు తీసి చూస్తే చాలును. ఎందరికి రక్తపోటు వ్రాసి ఉన్నది? ఎందరి పాదాలు చూచారు? రమ్మన్న తేదీకి రానివారెవరు? రానివారికి ఒక ఫోను చేయడం సహాయకురాలికి పది నిమిషాల పని. ఈ లెక్కను ప్రభుత్వమే ఇంటి గడప వరకు తీసికొనిపోయిన పథకం ‘మక్కళై తేడి మరుత్తువం’. అది 2021 ఆగస్టు 5న ఈ కృష్ణగిరి జిల్లాలోని సామనపల్లిలోనే మొదలైనది. రక్తపోటు, చక్కెర రోగుల ఇళ్ళకు స్త్రీ కార్యకర్తలు పోయి పరీక్షించి మందులిస్తారు. మంచాన పడినవారికి నొప్పి తగ్గించే సేవ, వ్యాయామ చికిత్స కూడా అందులో ఉన్నాయి. 2024లో దానికి ఐక్యరాజ్యసమితి సంస్థల పురస్కారం లభించింది. ఆ కార్యకర్త ఇచ్చే మాత్రల పేర్లు ఊరి వైద్యునికీ, ఊరి వైద్యుడు వ్రాసినవి ఆ కార్యకర్తకూ చూపవలసినది రోగి ఇంటివారే.

ఆసుపత్రిలో పడుకొని చికిత్స పొందినవారి కాగితాలను మూడు సంవత్సరాలు భద్రపరచవలెనని 2002 నియమావళి చెపుతున్నది. రోగి గాని, రోగి అధికారమిచ్చినవారు గాని అడిగితే 72 గంటలలోగా వాటిని ఇవ్వాలి. అడిగేటప్పుడు తేదీ వేసి వ్రాతమూలకంగా అడిగి, ఆ కాగితపు నకలు ఒకటి ఉంచుకొనవలెను.